గ్రంథాలయం వెనక బండి

ఉప్పల్,
జూన్ మొదటి వారం.

చిరంజీవి బెన్నీకి, మీ మేనమామ కనకరాజు రాయునది.

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే జైలు అధికారి గారికి నమస్కారం. అయ్యా, ఇందులో రహస్యాలేమీ లేవు. మోటారు సైకిలు గురించి మాత్రమే ఉంది.

ములాఖత్‌కి వచ్చినప్పుడు అడగవచ్చు కదా అంటావు. ఆ కాస్త సమయం మీ అమ్మది. అందుకే నేను లోపలికి రాను, గేటు బయట బండి దగ్గర నిలబడతాను. పైగా ఇది ఆవిడ ఎదుట మాట్లాడే సంగతి కాదు. మా చెల్లి మార్త నడుములో డిస్కు జారింది. నీతో చెప్పి ఉండదు. "కుదుపులు తగలకూడదు, ఇంకోసారి గట్టిగా తగిలితే మంచమే" అన్నాడు డాక్టరు.

"మరి చర్లపల్లి పోవచ్చా సారూ?" అని అడిగింది.

"చర్లపల్లిలో ఏముందమ్మా?"

"చుట్టాలున్నరు."

డాక్టరు వద్దన్నాడు. బయటికి రాగానే "వచ్చే గురువారం ఎన్నింటికొస్తవన్నా?" అని నన్ను అడిగింది.

ఆటోలో పోవచ్చు. కానీ నాచారంలో ఆటో నడిపేవాళ్ళందరూ మీ నాన్న షెడ్డులోనే బాగుచేయించుకుంటారు. ఆవిడ ఎక్కిన సంగతి ఆవిడ దిగేలోపే సామ్యేలుకు చేరుతుంది. నువ్వు షెడ్డుకు బాగుకొచ్చిన గిరాకీ బండి వేగం చూడబోయి రోడ్డు దాటే పెద్దాయనను పొట్టన పెట్టుకున్నావు, శిక్ష పడింది. అందులో నాకు వాదన లేదు. కానీ శిక్ష పడిన వారం మన సంఘం ఇంటి ప్రార్థన కూడికలో మీ నాన్న సాక్ష్యం చెప్పడానికి లేచి ఏమన్నాడో నీకు తెలుసు. "నాకు కొడుకు లేడు. నేనిగ బండెక్క. వాణ్ణి సూడవోయినోళ్ళు నా గడప తొక్కొద్దు." ఇందుకు ఆధారంగా బైబిల్లోంచి ఒక వాక్యం చెప్పాడు. అధ్యాయం తప్పు. నేను లేచి సరిచేశాను. ముప్పయ్యేళ్ళు పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, తప్పు వింటూ కూర్చోలేను. "నువ్వు అచ్చుతప్పులు దిద్దుకో బావా, నా బతుకు దిద్దకు" అన్నాడు, అందరి ముందు. పాస్టరు గారు దగ్గి పాట ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి నేను వాడి గడప తొక్కలేదు, వాడు నా మొహం చూడలేదు. ఇందులో నాకు నష్టమేమీ లేదు.

ఇక బండి. మీ తండ్రీకొడుకులు తుక్కులోంచి తెచ్చి నిలబెట్టిన బండే. నీ శిక్ష తర్వాత వాడు దాన్ని మళ్ళీ తుక్కుకే వేయబోతే నేను తెచ్చుకున్నాను. గుంటలో పడితే వెనక నుంచి రోకలితో పొడిచినట్టుంటుంది. ముందు చక్రం ఠక్కుమంటుంది. యాక్సిలేటరు కొంచెం తిప్పితే ఏమీ లేదు, ఇంకొంచెం తిప్పితే దూకుతుంది. మధ్యలో ఏమీ లేదు, మన సంఘంలో కొందరి భక్తిలాగా. ఉప్పల్ మెకానిక్ చిదంబరానికి చూపిస్తే వెనక షాకులు, అంటే కుదుపులు మింగే స్ప్రింగులు, బిగించి, "సార్, ఇప్పుడు మీ బండి పులి" అన్నాడు. పులి మీద అమ్మవారు కూర్చుంటుంది, మీ అమ్మ కాదు.

మల్లాపూర్ దారి సంగతి నీకు తెలుసు. పైపుల కోసం తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. దారి మారదు. మీ అమ్మ మానదు. మిగిలింది బండి. బండి నీకు తెలుసు, చేతులు నావి. ఏం చేయాలో రాయి.

మీ మేనమామ.


చర్లపల్లి,
జూన్.

మామకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. అమ్మ నడుము గురించి నాకు చెప్పలే. నడుస్తుంటే గోడ పట్టుకున్నది, ఏమైంది అంటే "పిండి డబ్బా లేపిన, పట్టేసింది" అన్నది.

నేను మాట్లాడినట్టే రాస్త, తప్పులుంటే దిద్దుకో.

వెనక రెండు షాకులకు కింద ఒక రింగు ఉంటది. దానికి ఐదు మెట్లు. మెట్టు పెరిగిన కొద్దీ స్ప్రింగు గట్టివడ్తది. లావు మనుషులు ఇద్దరు కూసుంటే మీది మెట్టు, సన్నగ ఉన్నోళ్ళకు కింది మెట్టు. చిదంబరం మొత్తం మీదికి ఎక్కిచ్చి ఉంటడు. నువ్వూ అమ్మా కలిసినా నాన్నంత బరువుండరు. రెండో మెట్టుకు తే. రెండు దిక్కులా ఒక్క తీరుండాలె. కొక్కెం లెక్క ఉండే స్పానరు అడుగు, షాపులల్ల ఇస్తరు.

ముందటి చక్రాన్ని పట్టుకునే ఫోర్కులల్ల ఆయిలు నీళ్ళ తీరు అయిపోయి ఉంటది. మార్చాలె. అది నీతోని కాదు, పెట్టుకోకు. టైర్లల్ల గాలి జర తగ్గియ్యి, మరీ మెత్తగ కావొద్దు.

యాక్సిలేటరు దూకేది నా పనే. రేసులకని పిడి లోపట పెద్ద గిలక ఏసిన. చెయ్యి కొంచెం తిప్పితే వైరు మస్తు గుంజుతది. బండితోని వచ్చిన అసలు గిలక చిన్నది, అదేస్తే మెల్లగ తెరుచుకుంటది. కానీ అది నాన్న షెడ్డుల, మీది చెక్క మీద బిస్కెట్ డబ్బల ఉన్నది. ఆ దారి బందే గదా. అందుకని చైను వదులు తీపియ్యి, కార్బొరేటరు కడిగిపియ్యి. కొంత నయమైతది.

నేను చేసిన బండ్లన్నీ దూకేటియే మామా. అమ్మ కూసునే బండి దూకొద్దు.

బెన్నీ.


ఉప్పల్,
జూన్ చివర.

చిరంజీవి బెన్నీకి,

అధికారి గారికి నమస్కారం.

స్పానరు కోసం చిదంబరం దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. "మీరెందుకు సార్, పుస్తకాలు చదివేటోళ్ళు?" అన్నాడు. పుస్తకాలు చదివేవాడికి స్పానరు ఇవ్వకూడదని చట్టమేమైనా ఉందా అని అడిగాను. ఇచ్చాడు. రెండు వైపులా రెండో మెట్టుకు తిప్పాను. మోకాళ్ళ మీద ఉండగా ఇంటి యజమాని ఉమామహేశ్వర్ గారు మేడ మీంచి చూసి, "ఏంది సార్, బండికి మొక్కుతున్నరా?" అన్నారు. ఆయన కవిత్వం రాస్తారు.

గురువారం మార్తను ఎప్పటిలాగే పాల బూత్ దగ్గర ఎక్కించుకున్నాను. ఏమీ మారలేదు. మల్లాపూర్ దాకా నా భుజం పట్టుకునే ఉంది. ఎంత గట్టిగా పట్టుకుందో దాన్నిబట్టి గుంట ఎంత లోతో నాకు తెలిసిపోతోంది. తిరుగు ప్రయాణంలో ఒకచోట ఆపమంది. దిగి నిలబడింది. "నొప్పా?" అన్నాను. "కాదన్నా, గాలి కోసం" అంది. అక్కడ గాలి జవహర్‌నగర్ చెత్తకుప్ప మీంచి వస్తుంది.

ఆవిడను సందు మొదట్లో దింపాక నేను నాచారం గ్రంథాలయానికి వెళ్తాను. రెండు గంటలు చదువుకుంటాను. ఎండకని బండి వెనక గోడ నీడలో పెడతాను. "నిమ్మలంగ సదువుకో అన్నా, తొందరేముంది" అని ప్రతిసారీ చెప్తుంది మార్త. ఆ ఇంట్లో చదువంటే గౌరవం ఉన్నది ఆవిడకొక్కతికే.

ఇప్పుడు వింత విను. గ్రంథాలయం నుంచి ఉప్పల్‌కు వెళ్తుంటే బండి మెత్తగా ఉంది. కొత్త చెప్పులు కాలికి అలవాటు పడ్డట్టు స్ప్రింగుకూ కాస్త సమయం కావాలని గ్రహించాను. ఈ సంగతి నువ్వు రాయలేదు. మెకానిజంలో పుస్తకజ్ఞానం లేని లోటు ఇదే.

మీ మేనమామ.


చర్లపల్లి,
జూలై.

మామకు వందనాలు.

ఉత్తరాలు చదివే సారు నన్ను పిలిపిచ్చిండు. తప్పేం రాసినవో అని భయపడ్డ. సారు అడిగిండు: "మీ మామ మెట్లు కింద నుంచి లెక్కవెట్టిండా, మీద నుంచా?" సారుకు గూడ అసుంటి బండే ఉన్నదట. నా ఉత్తరం చూసి రెండో మెట్టుకు తెచ్చుకుంటే ఆయనకు అప్పుడే మెత్తగైందట.

స్ప్రింగు అలవాటు పడదు మామా. తిప్పంగనే తెలుస్తది. నువ్వు పోయి చూసి, రింగు ఇప్పుడు ఏ మెట్టు మీదున్నదో రాయి.

బెన్నీ.


ఉప్పల్,
జూలై.

చిరంజీవి బెన్నీకి,

అధికారి గారికి ప్రత్యేక నమస్కారం. చదివినదాన్ని ఆలోచిస్తూ చదివేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని తెలిసి సంతోషించాను.

నేను మీద నుంచి లెక్కపెట్టాను. ఏ పేజీ అయినా మీద నుంచే మొదలవుతుంది. అంటే, నేను తిప్పింది మీ లెక్కలో నాలుగో మెట్టు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. నువ్వు స్పష్టంగా రాయకపోవడం వల్ల జరిగింది.

ఇప్పుడు వెళ్ళి చూశాను. రింగు మీ లెక్కలో రెండో మెట్టు మీదే ఉంది, రెండు వైపులా. నేను తిప్పలేదు. చిదంబరం నాచారం రాడు. దానంతట అది దిగుతుందా? రాయి.

ఇంకో సంగతి. గ్రంథాలయం వెనక అల్లరి మూక చేరింది. బండి నట్ల మీద ఎవరో పసుపు రంగు చుక్కలు పెట్టారు. షాకుల దగ్గర నాలుగు. మొన్న గురువారం ఇంకా దారుణం. ముందు చక్రం కింద నేల మీద నల్లటి నూనె మరక, ఫోర్కుల దగ్గర మళ్ళీ రెండు పసుపు చుక్కలు. గ్రంథపాలకురాలు తారామణికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. "సార్, చుక్కలు పెట్టినందుకు ఎవరి మీద కేసు పెడ్తం?" అంది. జవాబుదారీతనం లేని సమాజం ఇలాగే ఉంటుంది. ఆదివారం కిరసనాయిలు పెట్టి తుడుస్తాను.

మార్త గురించి. ఈసారి ఎక్కడా ఆపమనలేదు. మల్లాపూర్ దాటాక, "ఈ రోడ్డు ఎప్పుడేసిన్రన్నా?" అని అడిగింది. రోడ్డు ఎవరూ వేయలేదు. నువ్వున్నచోటి నుంచి చూడలేవు కాబట్టి చెప్తున్నాను: గుంటల్లో నీళ్ళు నిండాయి, ఏది లోతో తెలియదు. అయినా నా భుజం మీద ఆవిడ చెయ్యి ఊరికే ఉంది.

మీ మేనమామ.


చర్లపల్లి,
జూలై.

మామా,

పసుపు చుక్కలు తుడవకు.

అల్లరి మూక కాదు. అది నాన్న చుక్క. షెడ్డుల నట్టు బిగించినంక నాన్న చిన్న బ్రష్షుతోని పసుపు చుక్క పెడ్తడు. చుక్క లేకపోతే బిగియ్యనట్టే లెక్క. పని నేర్చుకునేటప్పుడు ఒక్క చుక్క మరిచిపోతే మొత్తం ఇప్పిచ్చి మళ్ళ చేపిచ్చేటోడు. ఫోర్కుల ఆయిలు మారింది. ఆ మరక అదే.

షెడ్డు గ్రంథాలయం వెనక గల్లీల్నే ఉన్నది గదా మామా. నువ్వు సదువుకునే రెండు గంటలు చాలు ఆయనకు.

బెన్నీ.


ఉప్పల్,
ఆగస్టు.

చిరంజీవి బెన్నీకి,

నీ ఉత్తరం నమ్మలేదు. మీ నాన్నకు అంత బుద్ధి ఉంటే నాకు తెలిసేది. వాణ్ణి నేను పెళ్ళిచూపుల నుంచి ఎరుగుదును. ఆ రోజు కూడా కాఫీ తాగి కప్పు కింద పెట్టకుండా, కుర్చీ కాలు వదులుగా ఉందని వంగి చూశాడు.

కానీ గురువారం బండి పిడి మారింది. ఇదివరకు మణికట్టు కదిలిస్తే దూకేది. ఇప్పుడు చాలా దూరం తిప్పాలి, తిప్పినంతే వెళ్తుంది, తిప్పనిదే వెళ్ళదు. చేత్తో మొక్కజొన్న కంకి ఒలిచినట్టుంది. మణికట్టు నొప్పి. కానీ గుంటలోంచి బయటికి వచ్చేటప్పుడు మార్త ఒక్కసారి కూడా వెనక్కి వాలలేదు. పిడి పక్కన చిన్న మర మీద పసుపు చుక్క.

నీ బిస్కెట్ డబ్బాలోని గిలక మార్త తేలేదు. అడిగాను. "నేను షెడ్డుల అడుగు పెట్టనన్నా, గ్రీసు అంటుతది" అంది. అంది కానీ నా మొహం చూడలేదు. "నిమ్మలంగ సదువుకో" అని నన్ను ప్రతి గురువారం గ్రంథాలయంలోకి తోసింది నా విద్య మీద గౌరవంతో కాదని ఇప్పుడు అర్థమైంది. ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. ఆటోవాళ్ళు తమ ఆటో ఎక్కినవాళ్ళనే చూస్తారని మనం అనుకున్నాం. బండి మీద పోయేవాళ్ళను కూడా చూస్తారు, సామ్యేలుకు చెప్తారు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

సరే. తెలిసింది. ఇప్పుడు నా వంతు.

వచ్చే శుక్రవారం ఇంటి కూడిక. ఈసారి సాక్ష్యం చెప్తానని పాస్టరు గారికి కబురు పెట్టాను. సంతోషించారు, నేను లేచి చాలా కాలమైంది కదా. ఏం చెప్పాలో రాసుకున్నాను, దిద్దుకున్నాను. కొడుకు లేడని ఒట్టు పెట్టినవాడు, కొడుకును చూడబోయే బండికి గ్రంథాలయం గోడ వెనక బోర్లా పడుకుని ఆయిలు మారుస్తున్నాడు. ఎదుట కాదు, వెనక. ఆధారం కావాలంటే బండి వాకిట్లో ఉంది, పసుపు చుక్కలు లెక్కపెట్టుకోండి. వాడు నన్ను ఒక్క మాట అన్నాడు, నేను వాడికి ఏడు చుక్కలు చూపిస్తాను. అందరి ముందు అన్నాడు, అందరి ముందే వింటాడు.

ఇంత తృప్తిగా ఏదీ రాసి ఎరగను.

మీ మేనమామ.


చర్లపల్లి,
ఆగస్టు.

మామా, కాళ్ళు మొక్కుత. చెప్పకు.

నువ్వు చెప్పేదంత నిజమే. ఒక్క అక్షరం తప్పులేదు. గందుకే చెప్పకు. నాన్న సంగతి నాకు తెలుసు. పని చేసేటప్పుడు ఎవరన్న పక్కన నిలవడి చూస్తే స్పానరు కింద పెట్టి ఛాయ్ తాగవోతడు. చూసేటోడు పోయినంకనే మళ్ళ ముడ్తడు. అందరి ముందట చెప్పినవనుకో, ఆ దినం నుంచి ఆ బండి ముట్టడు. అమ్మను గూడ ఆపుతడు, ఆపకపోతే మాట పోతదని. నువ్వు గెలుస్తవు. అమ్మ ఇంట్ల కూసుంటది.

నాన్న నాకోసం చేస్తుండో, అమ్మ నడుము కోసం చేస్తుండో నాకు తెల్వది. ఏదైతే ఏంది. నేను మాత్రం అమ్మ వచ్చినప్పుడల్లా ముందుగాల చెయ్యి చూస్త. ఇంతకుముందు గోడ పట్టుకొని వచ్చేది. ఇప్పుడు పట్టుకుంటలేదు.

నీకు కోపముంటే నా మీద రాసుకో. ఇక్కడ నాకు చదువుకునేందుకు మస్తు టైమున్నది.

బెన్నీ.

సారు గూడ చెప్పమన్నడు: "మీ మామకు రాయి, సాక్ష్యం వద్దు అని." నేను చెప్పించలే, ఆయనే అన్నడు.


ఉప్పల్,
సెప్టెంబరు.

చిరంజీవి బెన్నీకి,

అధికారి గారికి నమస్కారం. నా కుటుంబ వ్యవహారాల్లో మీ సలహా అడిగినట్టు గుర్తు లేదు.

కూడిక జరిగింది. నీ ఉత్తరం ఆ రోజు మధ్యాహ్నమే అందింది. ఆ పోస్టుమాన్‌కు వేరే రోజే దొరకలేదు. కూడిక మీ మేడ కింద ఉన్న కనకదుర్గ టైలర్స్ పక్కింట్లో, గడప మీ నాన్నది కాదు కాబట్టి వెళ్ళాను. సామ్యేలు గోడకానుకుని కూర్చున్నాడు. గోళ్ళలో గ్రీసు. బొటనవేలి మీద పసుపు రంగు. ఇంకా ఆరలేదనుకుంటాను.

పాస్టరు గారు నా పేరు పిలిచారు. లేచాను. కాగితం జేబులో ఉంది. సామ్యేలు తల ఎత్తలేదు, బొటనవేలిని రెండో చేత్తో మూశాడు. మార్త ఆడవాళ్ళ వైపు కూర్చుని నన్నే చూస్తోంది. నడుముకు బెల్టు పెట్టుకుని ఉంది, అందుకే నిటారుగా కూర్చుంది.

"నాచారం నుంచి చర్లపల్లి దాకా రోడ్డు బాగాలేదు. దాని కోసం ప్రార్థన చేయండి" అన్నాను. కూర్చున్నాను.

పాస్టరు గారికి అర్థం కాలేదు, కానీ ప్రార్థన చేశారు. పావుగంట చేశారు. మునిసిపాలిటీని, కాంట్రాక్టరును, గుంటల్లో పడే సమస్త జనాన్ని పేరుపేరునా దేవునికి అప్పగించారు. నా జీవితంలో రాసినవాటిలోకెల్లా మంచి వచనం నా జేబులోనే నలిగిపోయింది. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

బయట చెప్పులు వేసుకుంటుంటే సామ్యేలు నా పక్కనే తన చెప్పులు వెతుక్కున్నాడు. నా మొహం చూడలేదు. చెప్పులతో మాట్లాడుతున్నట్టు, "రోడ్డు ఎవలు బాగుజేస్తరు. బండే జేసుకోవాలె" అన్నాడు.

మీ మేనమామ.


ఉప్పల్,
అక్టోబరు.

చిరంజీవి బెన్నీకి,

ఇది చాలా ఎక్కువైంది.

నిన్న మార్తను తెచ్చి దింపి, గ్రంథాలయంలో చదువుకుని, బండి తీశాను. ఉప్పల్ వెళ్ళే లోపు నా వెన్ను విరిగింది. పాత పులి మళ్ళీ వచ్చింది. ఇంటికెళ్ళి చూస్తే రెండు వైపులా రింగు నాలుగో మెట్టు మీదుంది. ఈసారి కింద నుంచే లెక్కపెట్టాను. కొత్త చుక్కలు కూడా ఉన్నాయి, అంటే పొరపాటున తిప్పింది కాదు.

అంతేకాదు. అద్దాలు రెండూ పైకి తిప్పి ఉన్నాయి. నాకు వెనక రోడ్డు కనిపించడం లేదు, ఆకాశం కనిపిస్తోంది. వెనక బ్రేకు పెడలు ఎత్తు మారింది, నా కాలు అందడం లేదు. నా బండే నాకు పరాయివాడి చొక్కాలా ఉంది. చూడబోతే నా సాక్ష్యం తప్పించుకున్న ధైర్యంతో నా మీద కక్ష మొదలుపెట్టాడు. రాబోయే ములాఖత్‌కు మార్తను ఈ నాలుగో మెట్టు మీద కూర్చోబెడితే నేరుగా ఆస్పత్రికే.

చిదంబరం దగ్గర స్పానరు తెచ్చి పెట్టుకున్నాను. రెండో మెట్టుకు తిప్పేస్తున్నాను. నీకు తెలియాలని రాస్తున్నాను, నీ అనుమతి కోసం కాదు.

మీ మేనమామ.


చర్లపల్లి,
అక్టోబరు.

మామా,

తిప్పకు. అద్దాలు గూడ ముట్టకు.

నాలుగో మెట్టు సన్నటి మనుషులకు గట్టి. నాన్నంత బరువు మనిషి ముందట కూసోని, అమ్మ వెనక కూసుంటే అప్పుడు అది సరిగ్గ మెత్తగుంటది. నాన్న నీకంటే జానెడు పొడుగు. ఆయన ఎత్తుకు అద్దాలు అట్లనే ఉండాలె. పెడలు ఆయన కాలికి.

నీ మీద కక్ష కాదు మామా. ఆయన బండెక్కుతనని చెప్తుండు. నోటితోని చెప్పలేక ఇట్ల చెప్తుండు. నిన్ను అడగాలంటే నీ మొహం చూడాలె గదా, ఒట్టు పెట్టుకున్నడాయె.

బండి మీద ముగ్గురు పోలేరు. వచ్చే గురువారం నువ్వు రాకు మామా. ఈ మాట రాయడానికి నాకు మూడు కాగితాలు ఖరాబైనయి. ఇన్ని రోజులు అమ్మను తెచ్చింది నువ్వు. ఎండల, వానల గేటు బయట నిలవడ్డది నువ్వు. కానీ ఒక్కసారి రాకు.

బెన్నీ.


ఉప్పల్,
నవంబరు.

చిరంజీవి బెన్నీకి,

అధికారి గారికి నమస్కారం. మీ బండి ఎలా ఉంది?

నువ్వు చెప్పినట్టే చేశానని రాయడం నాకు ఇష్టం లేదు. జరిగింది మాత్రం రాస్తాను.

గురువారం పొద్దున బండి తీసుకెళ్ళి గ్రంథాలయం వెనక పెట్టాను. తాళంచెవి బండికే ఉండిపోయింది. వయసు మీద పడ్డాక ఇలాంటివి జరుగుతాయి. లోపలికి వెళ్ళి వెనక కిటికీ పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ అక్కడ కూర్చోను, వెలుతురు కళ్ళలో పడుతుంది.

"సార్, ఇయ్యాల ఇక్కడ కూసున్నరేంది?" అంది తారామణి.

"వెలుతురు బాగుంది" అన్నాను.

మీ నాన్న వచ్చాడు. క్రిస్మస్‌కు వేసుకునే చొక్కా, ఇస్త్రీ చేసింది. చేతిలో స్పానరు లేదు. బండి చుట్టూ తిరిగాడు. తాళంచెవి చూశాడు. తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆ పేజీలో రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

బండెక్కి కూర్చున్నాడు కానీ స్టార్టు చేయలేదు. పిడి తిప్పి వదిలాడు. మళ్ళీ తిప్పి వదిలాడు. ఇంజను ఆగే ఉంది. ఆనాడు నువ్వు నడిపిన గిరాకీ బండి పిడి గుర్తొచ్చిందేమో, నాకు తెలియదు. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆ మాట నిజం చెప్తున్నాను, లేచి వెళ్ళిపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. గేటు బయట నిలబడే పని నాకు అలవాటైంది.

ఇంతలో సందులోంచి మార్త వచ్చింది. గోడ పట్టుకోలేదు. వెనక ఒక పక్కకు కూర్చుని, అతని భుజం మీద చెయ్యి వేసింది. కిటికీ తెరిచే ఉంది.

"జర చిన్నగ పోనియ్" అంది.

"నాకు జెప్తవా?"

"నీకే జెప్తున్న. స్టార్టు చెయ్యి."

చేశాడు. బండి దూకలేదు. పసిపిల్లవాడు నడిచినంత మెల్లగా కదిలింది. మలుపు దగ్గర గుంట ఉంది, ఆ నాలుగో మెట్టుకు అదొక లెక్క కాదు. అయినా చుట్టూ తిప్పుకుని వెళ్ళాడు.

ఇంటికి ఆటోలో వెళ్ళాను. ఆటో అతను హబ్సిగూడ దాటకముందే, "సార్, ఎరుకేనా? సామ్యేలన్న బండెక్కిండంట!" అన్నాడు. నాకేమీ తెలియదన్నాను. సాయంత్రం వెళ్ళేసరికి బండి గ్రంథాలయం వెనకే ఉంది. తాళంచెవి బండికే ఉంది. అద్దాలు మళ్ళీ నా ఎత్తుకు తిప్పి ఉన్నాయి. నేను వాటిని తిరిగి పైకి తిప్పి, తాళంచెవి అలాగే వదిలేసి, బస్సులో వచ్చాను. ఉప్పల్‌కు బస్సులు బాగానే ఉన్నాయి. దీన్ని రాజీగా ఎవరూ అనుకోకూడదు.

లోపల మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు రాయవద్దు. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. మీ నాన్న నీ ఎదుట కూర్చుని ఏదో ఒక వాక్యం చెప్తాడు. అధ్యాయం తప్పు చెప్తాడు. నువ్వు దిద్దకు.

మీ మేనమామ,
కనకరాజు.